అమ్మ పేరిట స్కాలర్‌షిప్: ఫస్టు వచ్చిన పిల్లకా, ఫీజు కట్టలేని పిల్లకా?

ప్రశ్న: బ్యాంకులో పనిచేసి ఈ మధ్యే రిటైరయ్యాను. నేనూ చెల్లెలూ సికింద్రాబాద్ వైపు ఒక కాన్వెంటు స్కూల్లో చదువుకున్నాం. తమ్ముడు ఫాదర్లు నడిపే మగపిల్లల బడిలో చదివాడు. మేం హిందువులం. నాన్న ఫ్యాక్టరీలో ఫిట్టరు. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా ఫ్యాక్టరీ మూతపడింది. అమ్మ కుట్టుమిషను మీద ఇల్లు నడిపింది. టర్మ్ ఫీజు కట్టే రోజు అమ్మ తన దగ్గర ఉన్నంత తెచ్చి సిస్టర్ చేతిలో పెట్టేది. నా ఫీజు కార్డు మీద అందరి కార్డుల మీద పడే ముద్రే పడేది. క్లాసు టీచరు బల్ల మీద అందరి కార్డులతో పాటు నాదీ ఉండేది. పదో తరగతి అయ్యేదాకా మా ఫీజులో సగానికి పైగా పేద విద్యార్థుల నిధి నుంచి సిస్టర్ సర్దారని, ఇన్నేళ్ల తర్వాత పూర్వ విద్యార్థుల సమావేశంలో అప్పటి గుమాస్తా గారు చెబితే తెలిసింది. అమ్మకు తెలుసు. పోయేదాకా చెప్పలేదు. ఆ సిస్టరూ ఇప్పుడు లేరు.

ముగ్గురం కలిసి పదిహేను లక్షలతో అమ్మ పేరిట స్కాలర్‌షిప్ పెడదామనుకున్నాం. అక్కడి నుంచే పేచీ మొదలైంది. పదో తరగతిలో ఫస్టు వచ్చిన వాళ్లకు, వార్షికోత్సవంలో వేదిక మీద అమ్మ ఫోటో పెట్టి ఇవ్వాలని అమెరికాలో ఉన్న తమ్ముడి పట్టుదల. మిషన్ స్కూలుకు మన డబ్బు ఎందుకు, సర్కారు బడికి ఇవ్వమని మావారు. మధ్యలో బడి దేనికి, నేరుగా పిల్లల ఖాతాలో వేయమని మా అమ్మాయి. అమ్మ పేరు కాదు, సిస్టర్ పేరు పెట్టాలని చెల్లెలు. ఏం చేయమంటారు?
పేరు ప్రచురించవద్దన్న పాఠకురాలు, హైదరాబాద్

అమ్మా,

మీ ఇంట్లో ఎవరి మాటా తీసిపారేయదగ్గది కాదు. అన్నిటికీ జవాబు చెబుతాను. దానికి ముందు, మీరు రెండు మూడు వాక్యాల్లో చెప్పి దాటేసిన ఫీజు కార్డు దగ్గర కాసేపు ఆగుదాం. సిస్టర్ మీకు చేసింది డబ్బు సాయం ఒక్కటే అయితే, ఇవాళ పదిహేను లక్షలు తీసి పక్కన పెట్టాలన్నంతగా అది మీ మనసులో నాటుకునేది కాదు. ఆవిడ ఇచ్చిన తీరునే మీ నిధికి నియమావళిగా రాసుకోండి. నా సలహా అంతా ఇదే.

ఫీజు బకాయి పడిన పిల్లలకు ఏం జరుగుతుందో మనకు తెలియనిది కాదు. క్లాసులో పేర్లు చదువుతారు. కొన్నిచోట్ల నిలబెడతారు, కొన్నిచోట్ల పరీక్ష ముందు హాల్ టికెట్ ఆపుతారు. పదమూడేళ్ల పిల్ల ఆ పూట ఇంటికి వెళ్లి, రేపు కడుపునొప్పి అని చెప్పి బడి మానేస్తుంది. రెండో రోజు మానడం ఇంకాస్త తేలిక. నెల తర్వాత ఏ దాతో వచ్చి ఆ బకాయి తీర్చినా, పేరు చదివిన ఉదయాన్ని తీర్చలేడు. సిస్టర్ మీ పేరు ఆ జాబితాలోకి ఎక్కకముందే కార్డు మీద ముద్ర వేయించారు. అదే ముద్ర, అదే బల్ల, అవే కార్డుల మధ్య. మీ పక్కన కూర్చున్న పిల్లకే కాదు, మీకే తెలియలేదు.

ఇంకొకటి గమనించారా? మీ అమ్మగారు తెచ్చిన డబ్బును సిస్టర్ తీసుకున్నారు. "ఎందుకమ్మా, ఉంచుకో" అని ఉండవచ్చు. అలా అనడం ఎంతో దయగా కూడా వినిపించేది. కానీ ఆ మాట అన్న క్షణం నుంచి మీ అమ్మగారు దానం పుచ్చుకునే మనిషి అయిపోయేవారు. కుట్టుకూలి నుంచి మిగిల్చి తెచ్చిన ఆ నాలుగు నోట్లు తీసుకున్నారు కాబట్టి, ఆవిడ చివరిదాకా పిల్లల ఫీజు కట్టిన తల్లిగానే ఉన్నారు. మీకు చెప్పకుండా ఉండగలిగారంటే అందుకే అనుకుంటాను. మీ స్కాలర్‌షిప్ పత్రంలో ఈ వెసులుబాటు తప్పక ఉండాలి: కుటుంబం కట్టగలిగినంత కట్టాలి, మిగిలింది నిధి భరించాలి. "పూర్తి ఫీజు ఉచితం" అనే మాట వినడానికి ఘనంగా ఉంటుంది గానీ, చాలా ఇళ్లకు కావలసింది అది కాదు.

ఇప్పుడు మీ తమ్ముడి మాటకు వస్తాను. ఫస్టు వచ్చిన పిల్లను మెచ్చుకోవడంలో తప్పేమీ లేదు. ఆయనకు అంత ఇష్టమైతే అయిదారు వేల ఖర్చుతో ఒక పతకం పెట్టించి, ఏటా వార్షికోత్సవంలో ఇప్పించండి. మీ అమ్మగారి పేరు వేదిక మీద వినబడాలన్న కోరిక కొడుకుకు సహజం, ఆ ముచ్చట తీరనివ్వండి. కానీ ఈ పదిహేను లక్షలు అందులో కలపవద్దు. ఫస్టు వచ్చిన పిల్ల మీ డబ్బు లేకపోయినా చదువుతుంది. మార్కులు చూసి జూనియర్ కాలేజీలే ఇంటికి ఫోన్లు చేస్తాయి, ఫీజు తగ్గిస్తామంటాయి. తండ్రి ఆసుపత్రిలో ఉన్న పిల్లకు, అమ్మానాన్నలు విడిపోయిన పిల్లవాడికి సరిగ్గా ఆ ఏడే మార్కులు పడిపోతాయి. మార్కులే కొలబద్ద అయితే, సాయం అవసరమైన ఏడాదే సాయం చేజారుతుంది. ఎనిమిదో తరగతిలో, నాన్న ఫ్యాక్టరీ మూతపడిన ఏడు, మీకు ఎన్ని మార్కులు వచ్చాయో ఒకసారి గుర్తు చేసుకుని తమ్ముడికి చెప్పండి. ఆయన చదివిన బడిలో ఆయన ఫీజు సంగతి ఏమైందో కూడా కనుక్కోమనండి. అక్కడా ఏ ఫాదరో ఇలాగే సర్దుబాటు చేసి ఉన్నా ఆశ్చర్యం లేదు.

పత్రంలో షరతు ఒక్కటి చాలు: పిల్ల బడికి వస్తూ ఉండాలి. ఒక సబ్జెక్టు తప్పినంత మాత్రాన డబ్బు ఆపకూడదు. అవసరమైతే ఆ సబ్జెక్టులో ట్యూషన్‌కు అదే నిధి నుంచి ఇవ్వవచ్చు.

మీవారి అభ్యంతరంలో రెండు విషయాలు కలిసి ఉన్నాయి, విడదీసి చూద్దాం. ఒకటి మతం. మీరు చదివిన బడి ఎవరి చేతుల్లో పుట్టిందో నాకు తెలియదు గానీ, జంటనగరాల్లో కాథలిక్ బడుల చరిత్ర పాతది. గన్‌ఫౌండ్రీలోని ఆల్ సెయింట్స్ 1855 నాటిది. సికింద్రాబాద్‌లో సెయింట్ ఆన్స్ 1871లో మొదలైంది. రోజరీ కాన్వెంట్ 1904లో, అబిడ్స్‌లోని లిటిల్ ఫ్లవర్ 1953లో, హైదర్‌గూడ సెయింట్ పాల్స్ 1954లో వచ్చాయి. వీటిలో సెయింట్ ఆన్స్ సిస్టర్ల కథ మీ ఇంటివాళ్లందరూ కూర్చుని వినదగ్గది. ఆ సన్యాసినుల సభను ఇటలీలోని ట్యూరిన్ నగరంలో 1834లో స్థాపించింది ఒక దంపతుల జంట. బరోలో ప్రభువు తాంక్రేది, ఫ్రాన్సులో పుట్టిన ఆయన భార్య జూలియా. వారికి పిల్లలు లేరు. తమ భవనంలోనే పేదింటి పసిపిల్లలకు చదువు చెప్పించారు, ఆడపిల్లల చదువు కోసం సిస్టర్లను కూడగట్టారు. భర్త 1838లో పోయాక జూలియా ఇరవై ఆరేళ్లు ఆ పని నడిపి, 1864లో కన్నుమూసేటప్పుడు ఆస్తినంతా ధర్మనిధిగా రాసి వెళ్లారు. ఆ నిధి ట్యూరిన్‌లో ఇప్పటికీ ఉంది. ఆవిడ పోయిన ఏడేళ్లకు ఆ సిస్టర్లు సికింద్రాబాద్‌లో దిగారు. ఒక కుటుంబం చదువు కోసం తీసి పెట్టిన సొమ్ము ఖండాలు దాటి, కొన్ని తరాల హైదరాబాద్ ఆడపిల్లలకు అక్షరమైంది. మీ ముగ్గురూ ఇప్పుడు తలపెట్టిన పని ఆ వరసలోదే.

అలాగని చదువు కోసం ఇవ్వడం ఒక మతానికో, పరాయి దేశానికో చెందిన అలవాటు కాదు. మన ఊళ్లలో పేదపిల్లలు వారాలు చేసుకుని చదువుకున్నారు. సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో భోజనం. ఆ ఇళ్లవాళ్లెవరూ తమ పేరు పలక మీద రాయమనలేదు. ఇదే హైదరాబాద్‌లో 1918లో రాజా బహదూర్ వెంకటరామారెడ్డి గారు పల్లెల నుంచి చదువుకు వచ్చే పిల్లల కోసం రెడ్డి హాస్టల్ నిలబెట్టారు. 1928లో మాడపాటి హనుమంతరావు గారు తెలుగులో చదువుకునే ఆడపిల్లల కోసం బడి తెరిచారు. కుడిచేయి చేసే ధర్మం ఎడమచేతికి తెలియకూడదని సువార్త చెబుతుంది, గుప్తదానమే గొప్పదని మన పెద్దలూ చెప్పారు. మీవారికి ఈ మాట చెప్పండి: ఆ బడి మీకు ఫీజు సర్దినప్పుడు మీ మతం అడగలేదు. ఇప్పుడు మీరు ఇచ్చే డబ్బు పుచ్చుకునే పిల్ల మతమూ కులమూ అడగకూడదని ఒప్పంద పత్రంలో స్పష్టంగా రాయించండి. మైనారిటీ విద్యాసంస్థ కాబట్టి కొన్ని నిధుల్లో కాథలిక్ పిల్లలకు మొదటి ప్రాధాన్యం ఉండవచ్చు, అది వారి హక్కు. మీ నిధి మాత్రం అవసరం ఒక్కటే చూస్తుందని ముందే మాట్లాడుకోండి. మొహమాటపడవద్దు, ఇలా అడిగినందుకు ఏ సిస్టరూ నొచ్చుకోరు.

రెండోది సర్కారు బడి సంగతి. మీవారి ఆలోచనలో న్యాయం ఉంది. అయితే ఒక్క విషయం చూడమనండి. ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల్లో చదివే పిల్లలకు ఎనిమిదో తరగతిలో రాసే జాతీయ ఉపకారవేతన పరీక్ష ఒకటుంది, ఎన్‌ఎంఎంఎస్ అంటారు. అందులో ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడు దాకా ఏటా 12,000 రూపాయలు వస్తాయి. ప్రైవేటు బడి పిల్లలు దానికి అర్హులు కారు. విద్యాహక్కు చట్టం కింద ప్రైవేటు బడుల్లో పేదపిల్లలకు కేటాయించాల్సిన 25 శాతం సీట్ల నియమం మైనారిటీ బడులకు వర్తించదని 2014లో ప్రమతి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. కాబట్టి మిషన్ స్కూల్లో చేర్పించిన తర్వాత ఇల్లు కూలబడితే, ఆ పిల్లను పట్టుకునే పథకం దాదాపుగా లేదు. మీ నాన్నగారి ఫ్యాక్టరీ మూతపడినట్టే, ఇవాళ ఒక ఆటో డ్రైవరుకు ప్రమాదం జరిగితే, ఒక దుకాణం మూతపడితే, యాజమాన్యం మనసూ దాత చేయీ తప్ప వేరే దిక్కు లేదు.

పైగా యాజమాన్యం చేయి మునుపటంత పొడవు లేదు. మీ రోజుల్లో పాఠాలు చెప్పినవాళ్లలో సిస్టర్లు ఎక్కువగా ఉండి ఉంటారు. దారిద్ర్య వ్రతం పట్టిన వాళ్ల జీతం వాళ్ల చేతికి రాదు, మఠానికి పోతుంది. అందులో నుంచే ఎందరి ఫీజులో సర్దుబాటు అయ్యేవి. ఇవాళ ఆ బడుల్లో చాలావరకు జీతం మీద ఇల్లు నడుపుకునే టీచర్లే ఉన్నారు. వాళ్లకు సరిగా జీతాలు ఇవ్వాలి కదా. రాయితీలకు మిగిలేది తగ్గింది. ఆ ఖాళీని పూడ్చవలసింది అక్కడ చదువుకుని నాలుగు డబ్బులు సంపాదించుకున్న మీబోటి వాళ్లే.

అయినా మీవారి మాటను పూర్తిగా పక్కన పెట్టకండి. ఒకసారి బడికి వెళ్లి ఇప్పుడు ఎవరి పిల్లలు చదువుతున్నారో చూడండి. సాయంత్రం గేటు బయట కార్లే ఉన్నాయనుకోండి, మీ పదిహేను లక్షలు అక్కడ సోదిలోకి రావు. అదే సభ సిస్టర్లు నగర శివార్లలోనో జిల్లాల్లోనో తక్కువ ఫీజుతో నడిపే బడి ఉందేమో అడగండి. తెలుగు మాధ్యమం బడి అయినా, ఆడపిల్లల హాస్టల్ ఉన్నా ఇంకా మంచిది. సిస్టర్ రుణం తీర్చుకోవాలంటే ఆ భవనానికే తీర్చాలని లేదు.

ఏ తరగతి పిల్లలకు ఇవ్వాలి? ఎనిమిది నుంచి మొదలుపెట్టండి. పదితో ఆపకండి. హైదరాబాద్‌లో పిల్లలు నిజంగా జారిపోయేది పదో తరగతి ఫలితాలకూ ఇంటర్ అడ్మిషన్‌కూ మధ్య వచ్చే ఎండాకాలంలోనే. పది పాసయ్యాక బడి బాధ్యత తీరిపోతుంది, కాలేజీ బాధ్యత ఇంకా మొదలు కాదు. ఆ రెండు నెలల్లో అబ్బాయి మొబైల్ షాపులో కూర్చుంటాడు, అమ్మాయికి సంబంధాలు చూడటం మొదలవుతుంది. కాబట్టి అయిదుగురికి ఒక్కో ఏడాది ఇవ్వడం కన్నా, ఒక్కరిని ఎనిమిది నుంచి ఇంటర్ రెండో ఏడు చివరిదాకా అయిదేళ్లు నడిపించడం మేలని నేను గట్టిగా నమ్ముతాను. "ఈ ఏడు ఇంతమందికి ఇచ్చాం" అని చెప్పుకునే అంకె చిన్నదవుతుంది. అవనివ్వండి.

ఇక లెక్క. పదిహేను లక్షల మూలనిధికి ఏడు శాతం వడ్డీ అనుకుంటే ఏడాదికి 1,05,000 రూపాయలు. బ్యాంకులో పనిచేసినవారు, నేను చెప్పనక్కరలేదు గానీ, వచ్చిన వడ్డీ అంతా పంచేస్తే విత్తనాల వడ్లు వండుకు తిన్నట్టే. ఫీజులు ఏటా ఎనిమిది శాతం చొప్పున పెరిగితే తొమ్మిదేళ్లలో రెట్టింపవుతాయి. మీ వడ్డీ మాత్రం అక్కడే ఉంటుంది. అందుకని వడ్డీలో అయిదో వంతు, అంటే ఏటా 21,000, మూలనిధిలో తిరిగి కలపండి. మిగిలిన 84,000తో బడి ఫీజును బట్టి ఇద్దరు లేక ముగ్గురు పిల్లలను భరించగలరు. అయిదో వంతు కలిపినా ఫీజుల పరుగును అందుకోలేరు. ముగ్గురూ ఏటా ఎంతో కొంత వేస్తూ ఉండాల్సిందే. ఒక్కసారి ఇచ్చి చేతులు దులుపుకునే పని కాదని ముందే అనుకోండి.

ఫీజు ఒక్కటే రాసుకుని మిగతావి మరిచిపోకండి. పుస్తకాలు, రెండు జతల యూనిఫారం, బూట్లు, ఆటో కిరాయి, పదో తరగతి పరీక్ష ఫీజు, ఒక్కోసారి కళ్లజోడు. చాలా ఇళ్లలో బడి మాన్పించేది ఫీజు కాదు, ఈ చిల్లర ఖర్చులే. ఇందుకోసం ఏటా కొంత మొత్తం హెడ్‌మిస్ట్రెస్ విచక్షణకు వదిలేయండి. ఏ పిల్లకు ఏది కొన్నారో రసీదు చాలు, పేరు అక్కర్లేదు.

పదిహేను లక్షలకు సొంతంగా ట్రస్టు పెట్టవద్దు. డీడ్ రిజిస్ట్రేషన్, పాన్, ఆదాయపు పన్ను నమోదు, ఏటా లెక్కలు, రిటర్నులు అన్నీ మీ మెడకు చుట్టుకుంటాయి. మీ తర్వాత వాటిని చూసే ఓపిక ఎవరికుంటుంది? బడిని నడిపే సొసైటీ ద్వారానే నిధి పెట్టండి. ఒప్పందం కూడా హెడ్‌మిస్ట్రెస్‌తో కాకుండా సొసైటీతో చేసుకోండి. ఇది ముఖ్యం. సిస్టర్లకు, ఫాదర్లకు, బ్రదర్లకు కొన్నేళ్లకోసారి బదిలీలు ఉంటాయి. ఇవాళ మీతో కన్నీళ్లు పెట్టుకుని మాట్లాడిన సిస్టర్ వచ్చే జూన్‌కు వేరే ఊళ్లో ఉండవచ్చు. కొత్తగా వచ్చినావిడకు మీరెవరో తెలియదు, ఫైలు తెలుస్తుంది. ఆ ఫైల్లో ఇవి ఉండేలా చూసుకోండి: ఈ నిధికి విడిగా ఒక డిపాజిట్, ఏటా ఒక పేజీ లెక్క, అసలు సొమ్మును భవనాలకూ ఇతర ఖర్చులకూ వాడకూడదన్న మాట, బడి మూతపడితే నిధి ఎక్కడికి పోవాలన్న మాట.

పిల్లలను ఎంపిక చేసే పని మీరు పెట్టుకోకండి. హెడ్‌మిస్ట్రెస్, ఒక సీనియర్ టీచరు, పూర్వ విద్యార్థుల సంఘం నుంచి ఒకరు చాలు. ఎవరు మధ్యాహ్నం డబ్బా తెచ్చుకోవడం లేదో, ఎవరి యూనిఫారం చేతులు పొట్టివైపోయాయో క్లాసు టీచరుకూ ఆయాకూ తెలిసినంతగా ఏ దరఖాస్తుకూ తెలియదు. "మా కుటుంబ కష్టాలు" అని పిల్ల చేత వ్యాసం రాయించే పద్ధతి కొన్నిచోట్ల ఉంది. దయచేసి దాని జోలికి పోవద్దు. ఆదాయ ధ్రువపత్రం అడగండి, కానీ నిన్న ఉద్యోగం పోయిన తండ్రి దగ్గర ఉండేది పోయిన ఏడాది పత్రమే కాబట్టి, దానితోనే తీర్పు చెప్పవద్దని రాసుకోండి.

మీ అమ్మాయి చెప్పిన "నేరుగా ఖాతాలో" అన్న మాట ఈ కాలం పిల్లల ఆలోచన, అందులో నిజాయితీ ఉంది. అత్యవసరంలో అలా ఇవ్వడమే మంచిది కూడా. కానీ ఏళ్ల తరబడి ఒక పిల్లకు మీరు నేరుగా డబ్బు వేస్తుంటే, ఆ పిల్ల పండుగకూ పుట్టినరోజుకూ మీకు ఫోను చేయక తప్పదు, మార్కులు చెప్పక తప్పదు. బడి మధ్యలో ఉండటం వల్ల ఆ బరువు తప్పుతుంది. మీ అమ్మాయికి వేరే పని అప్పగించండి: ఏటా వచ్చే ఆ ఒక పేజీ లెక్కను చదివి ఇంట్లో అందరికీ చెప్పడం. అమెరికాలో ఉన్న మీ మేనల్లుడికో మేనకోడలికో కూడా అందులో భాగం ఇవ్వండి. మొదటి జీతంలో కొంత దేవుడి హుండీలో వేసే అలవాటు మనకు ఉంది కదా, మీ ఇంటి పిల్లలు మొదటి జీతం నుంచి ఈ నిధికి కొంత వేసే ఆనవాయితీ పెట్టండి. మీ ముగ్గురి తర్వాత దీన్ని నిలబెట్టేది ఆ పిల్లలే.

పేరు విషయంలో మీ చెల్లెలి మనసు అర్థమైంది. అయినా నేను మీ అమ్మగారి పేరు వైపే మొగ్గుతాను. సిస్టర్ తన పేరు బయటికి రాకుండా చూసుకున్న మనిషి. ఆవిడ గురించి నిధి పత్రం తొలి పేజీలో నాలుగు వాక్యాలు రాయించండి, ఆ సభవారిని అడిగి వారికి సమ్మతమైతే పేరుతో సహా. తర్వాత వచ్చే హెడ్‌మిస్ట్రెస్‌లందరూ అది చదువుతారు, ఈ డబ్బును ఏ తీరున ఇవ్వాలో వేరే చెప్పనవసరం ఉండదు. నిధి పేరు రికార్డుల్లో ఉంటుంది. పిల్ల తల్లిదండ్రులకు తెలియాలంటే తెలియనివ్వండి. క్లాసులో ప్రకటించడం, చెక్కు పట్టుకుని ఫోటో దిగడం మాత్రం ఉండకూడదని పత్రంలో రాయించండి.

పన్ను సంగతి క్లుప్తంగా. సొసైటీకి 80జి ఆమోదం ఉంటే, పాత పన్ను విధానంలో ఉన్నవారికి విరాళంలో సాధారణంగా సగం మీద, ఆదాయంలో పది శాతం పరిమితికి లోబడి మినహాయింపు వస్తుంది. కొత్త విధానం ఎంచుకుంటే రాదు. 2,000 రూపాయలు దాటిన నగదు విరాళానికీ రాదు కాబట్టి చెక్కో ఆన్‌లైన్ బదిలీయో చేసి, ఆ తర్వాత సొసైటీ నుంచి విరాళం ధ్రువపత్రం అడిగి తీసుకోండి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలు కనుక సెక్షన్ల సంఖ్యలు మారాయి, మీ ఆడిటరును ఒకసారి కలవండి.

తమ్ముడి వాటా గురించి ఇంకాస్త జాగ్రత్త అవసరం. ఆయన దగ్గర ఇప్పటికీ భారత పాస్‌పోర్టు ఉంటే, తన సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపే విరాళం విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే, విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. అప్పుడు సొసైటీకి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద నమోదు ఉండాలి, డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ఆ సంస్థకు ఉన్న ప్రత్యేక ఖాతాకే చేరాలి. డబ్బు మీ ఖాతాకు పంపించి మీ పేరిట ఇప్పించే అడ్డదారి తొక్కవద్దు. ఇబ్బంది వస్తే మీకు కాదు, బడికి వస్తుంది. సొసైటీకి ఆ నమోదు లేకపోతే మీరూ చెల్లెలూ ఇవ్వగలిగిన దానితోనే మొదలుపెట్టండి.

తెలంగాణలో బడులు జూన్ రెండో వారంలో తెరుస్తారు, మొదటి టర్మ్ ఫీజు అప్పుడే పడుతుంది. ఒప్పందం కుదిరి, డిపాజిట్ వేసి, మొదటి పిల్లను ఎంపిక చేయడానికి కొన్ని నెలలు పడుతుంది. మొదటి ఏడు వడ్డీ చేతికి రాదు కాబట్టి ఆ ఏడాది ఖర్చు విడిగా తీసి పెట్టుకోండి. ముందుగా ఈ రాత్రే తమ్ముడికి ఫోను చేసి ఆయన పాస్‌పోర్టు ఏ దేశానిదో అడగండి. ఆ జవాబును బట్టి ఏ సొసైటీ తలుపు తట్టాలో తేలుతుంది.